విశాఖ ప్రజాప్రతినిధులకు: సభలో కోరకండి, అడగండి

విశాఖపట్నం నుంచి ఎన్నికైన శాసనసభ్యులకు, ఉత్తరాంధ్ర శాసనమండలి సభ్యులకు, మా పార్లమెంటు సభ్యులకు నమస్కారాలు.

కలెక్టరాఫీసుకి నడిచి వెళ్లేంత దూరంలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. 18 ఏళ్లుగా నడుపుతున్నాను. సోమవారం అర్జీలు ఇచ్చే రోజు కాబట్టి తొమ్మిది గంటలకే జనం వచ్చి కూర్చుంటారు. పింఛను ఆగినవాళ్లు, రేషన్ కార్డులో పేరు పోయినవాళ్లు, సర్వే నంబరు తప్పుపడ్డవాళ్లు, వీధి కుళాయికి నీళ్లు రానివాళ్లు. "కాస్త గట్టిగా రాయి తల్లీ" అంటారు. ఎంత గట్టిగా రాసినా ఆఖరి వాక్యం మాత్రం ఒకటే: "కావున తమరు దయతలచి నా సమస్యను పరిష్కరించవలసిందిగా ప్రార్థిస్తున్నాను." చూడకుండా కొట్టేస్తాను ఆ వాక్యాన్ని. వేళ్లకే వచ్చేసింది.

అసెంబ్లీ నడుస్తున్న రోజుల్లో ఫోన్లో లైవ్ పెట్టుకుని పని చేసుకుంటాను. మొదటి గంట ప్రశ్నోత్తరాలు. మన విశాఖ సభ్యులు ఎవరైనా లేచారంటే సౌండు పెంచుతాను. లేచినవారు ముందు ముఖ్యమంత్రిగారికి కృతజ్ఞతలు చెబుతారు, తర్వాత మంత్రిగారికి ధన్యవాదాలు, ఆ తర్వాత నియోజకవర్గం గురించి నాలుగు మాటలు. చివర్లో "ఫలానా పని మంజూరు చేయాలని మీ ద్వారా మంత్రిగారిని కోరుతున్నాను అధ్యక్షా" అని కూర్చుంటారు. అందరూ ఇంతే అనను. సూటిగా అడిగేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ "కోరుతున్నాను" విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అది నేను సోమవారం టైపు చేసే వాక్యమే. పదిహేను రూపాయలకి మా షాపులో దొరికే వాక్యం చెప్పడానికి మిమ్మల్ని మేం వెలగపూడి దాకా పంపలేదు.

అర్జీ ఇచ్చిన మనిషి ఎదురుచూడాలి. ప్రశ్న వేస్తే అవతలి మనిషి జవాబు చెప్పాలి. మా చేతిలో ఉన్నది అర్జీ. మంత్రి లేచి నిలబడి, రికార్డుకెక్కేలా, తప్పు చెబితే తర్వాత సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేలా ప్రశ్న వేసే హక్కు మీకు ఉంది. ఆ హక్కుని అర్జీగా మార్చేయకండి అని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ ప్రశ్నకి ఎంత బలముందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట ఒక వర్షాకాలం రాత్రి, షట్టరు సగం దించాక ఒక ఇంజనీరుగారు గబగబా వచ్చారు. ఏ శాఖో చెప్పను. ఆఫీసులో కరెంటు లేదట. చేతిలో ఉన్న కాగితం మీద ఎర్ర సిరాతో "ఎల్.ఏ.క్యూ., మిక్కిలి అర్జెంటు" అని రాసుంది. అసెంబ్లీ ప్రశ్నకి ఆఫీసుల్లో పేరు అది. పొద్దున్న పదింటికల్లా జవాబు సెక్రటేరియట్‌కి చేరాలన్నారు. ప్రశ్న ఏమిటా అని చూస్తే, ఒక కాలనీ పక్క గెడ్డ మీద కూలిన కల్వర్టు గురించి. ఆ కాలనీవాళ్లకి అదే కల్వర్టు మీద అప్పటికి రెండేళ్లలో నాలుగు అర్జీలు నేనే టైపు చేసి ఇచ్చాను. నాలుగింటికీ "సంబంధిత అధికారికి పంపడమైనది" అన్న ఒకటే జవాబు.

ఆ రాత్రి ఇంజనీరుగారు మా స్టూలు మీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టారు. వర్క్ ఇన్‌స్పెక్టర్‌కి, కాంట్రాక్టరుకి, ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయిన పాత ఇంజనీరుకి. రెండేళ్లుగా ఎవరికీ దొరకని ఎస్టిమేటు అరగంటలో వాట్సాప్‌లో వచ్చింది. ఎప్పుడు వేశారో, ఎంతకి వేశారో, ఎక్కడ ఆగిందో అంతా అందులో ఉంది. ఆయన ముందు "పని త్వరలో చేపట్టబడును" అని రాయించారు. ఫోన్లో పైఅధికారికి చదివి వినిపిస్తే, అవతలి నుంచి వచ్చిన మాట నాకూ వినపడింది: "త్వరలో అంటే ఎప్పుడని సప్లిమెంటరీ వేస్తారయ్యా, తేదీ పెట్టు." సప్లిమెంటరీ అంటే జవాబు మీద అక్కడికక్కడే వేసే అనుబంధ ప్రశ్న. తేదీ పెట్టించారు. ఆ తేదీకి కల్వర్టు పూర్తయిందని అబద్ధం చెప్పను, ఇంకో ఏడాది పట్టింది. కానీ నాలుగు అర్జీలు కదల్చలేని ఫైలుని ఒక్క ప్రశ్న రాత్రికి రాత్రే కదిలించింది. అది కూడా సభలో ఇంకా ఎవరూ నోరు తెరవకముందే.

మీకు తెలియని సంగతి కాదు గానీ, చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబొస్తుంది, దాని మీద అక్కడ మళ్లీ అడగడం ఉండదు. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్రం ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి జాబితాకెక్కుతాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న ముందో లాటరీ తేలుస్తుంది. ఆ ఒక్క గంటలో 20 ప్రశ్నలూ నోటిదాకా రావు. పేరు పిలిచినప్పుడు సభ్యుడు సీట్లో లేకపోతే జవాబు రాతకే పరిమితమైపోవచ్చు. అంటే లాటరీలో మన విశాఖ ప్రశ్న పైకొచ్చిన రోజు అడిగినవారు సభలో లేకపోతే, వారు సప్లిమెంటరీ అడిగే అవకాశం కూడా పోతుంది. దయచేసి ఆ రోజు పెళ్లిళ్లు, ప్రారంభోత్సవాలు పెట్టుకోకండి.

నిజానికి ప్రాణమంతా ఆ సప్లిమెంటరీలోనే ఉంది. ప్రశ్న అడిగే హక్కు మనవాళ్లకి మొదట 1892 చట్టంతో వచ్చింది. అప్పుడు ప్రశ్న వేయడం వరకే, తెల్లదొర ఏం చెబితే అది విని కూర్చోవాలి. జవాబు మీద మళ్లీ ప్రశ్న వేసే వీలు 1909లో గానీ రాలేదు, అది కూడా మొదట అడిగిన సభ్యుడికే. అంతకాలం ఎదురుచూస్తే వచ్చిన రెండో ప్రశ్నని మీరు "ధన్యవాదాలు అధ్యక్షా" అని వదిలేస్తుంటే చూసేవాళ్లకి కష్టంగా ఉంటుంది.

ఇక ప్రశ్న రాసే తీరు గురించి, టైపు చేసే మనిషిగా నాకు తోచింది చెబుతాను. సభ ప్రశ్నలకి పాత అచ్చు ఒకటుంది. "(అ) ఫలానా విషయం వాస్తవమేనా? (ఆ) అయితే ఆ వివరాలేమిటి? (ఇ) లేకపోతే అందుకు కారణాలేమిటి?" ఆ అచ్చుకి తగ్గ జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. "(అ) అవునండి. (ఆ) ప్రతిపాదన పరిశీలనలో ఉంది. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు." మూడు ముక్కల్లో అయిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

మా అమ్మని స్కానింగ్ కోసం ఒక ప్రభుత్వ ఆసుపత్రికి మూడుసార్లు తీసుకెళ్లాను. ఒకరోజు యంత్రం పాడైందన్నారు, ఒకరోజు నడిపే మనిషి లేడన్నారు, మూడోరోజు ఫిల్ములు లేవన్నారు. చివరికి బయట డబ్బు కట్టి చేయించాం. ఇప్పుడు సభలో ఎవరైనా "విశాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలున్న విషయం వాస్తవమేనా" అని అడిగితే "అవునండి" అనే జవాబు నూటికి నూరుపాళ్లు నిజమే అవుతుంది. మా అమ్మ మూడుసార్లు ఆటోలో తిరిగి రావడం ఆ జవాబులో ఎక్కడా కనపడదు. అదే ప్రశ్నని ఇలా రాయండి: గత 12 నెలల్లో ఒక్కొక్క యంత్రం ఎన్ని రోజులు పనిచేసింది, ఎన్ని రోజులు ఆగింది? మరమ్మతు కాంట్రాక్టు ఎవరిది, గడువు ఎప్పటిదాకా? టెక్నీషియన్ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి? ఇందులో తిట్టు లేదు, పార్టీ లేదు. కానీ "అవునండి" అని తప్పించుకోవడానికి సందు కూడా లేదు. అంకె అడిగితే అంకె ఇవ్వాలి. తేదీ అడిగితే తేదీ ఇవ్వాలి.

అధికార పక్షంలో ఉండి మా మంత్రిని మేమెలా ఇరుకున పెడతాం అని మీకు అనిపించొచ్చు. 2024లో 175 స్థానాల్లో 164 ఒకే కూటమికి వచ్చాయి, నగరంలో సీట్లన్నీ అటే. కాబట్టి ఈ ఇబ్బంది మీలో చాలామందికి ఉండే ఉంటుంది. 1957లో లోక్‌సభలో జరిగింది ఒకసారి గుర్తుచేసుకోండి. ఎల్‌ఐసీ డబ్బు సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎందుకు పెట్టారన్నది ప్రశ్న. పట్టుపట్టినవారిలో రాంసుభగ్ సింగ్, ఫిరోజ్ గాంధీ ఇద్దరూ కాంగ్రెస్ సభ్యులే. ఫిరోజ్ గాంధీ అయితే సాక్షాత్తూ ప్రధాని నెహ్రూగారి అల్లుడు. ముందు డొంకతిరుగుడు జవాబులు వచ్చాయి, వాళ్లు వదల్లేదు. చాగ్లా కమిషన్ వేయాల్సి వచ్చింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రభుత్వం పడిపోలేదు, పార్టీ చీలిపోలేదు. పాలసీదారుల డబ్బు గురించి అడగాల్సింది అడిగారు, అంతే.

ప్రతిపక్ష సభ్యులకీ ఒక మాట. 11 మందే ఉన్నా, ప్రతిపక్ష హోదా మీద పేచీ ఉన్నా, శాసనసభకి వెళ్లకుండా ఉండటం మాకు న్యాయంగా అనిపించడం లేదు. మండలిలో మీవాళ్లు అడుగుతున్నారు, చూస్తున్నాం. అక్కడ అడిగినట్టే ఇక్కడా అడగండి. ఒక్క సభ్యుడికైనా ప్రశ్న నోటీసు ఇచ్చే హక్కుంది. 2020 వానాకాల సమావేశాల్లో కరోనా పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం తీసేస్తే దేశమంతా తప్పుపట్టింది. తలుపు తీసి ఉన్నప్పుడు మనంతట మనమే బయట నిలబడితే ఎలా?

మన ఊరికి సభలో వచ్చిన జవాబుల విలువ బాగా తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో అమృతరావుగారు దీక్షకి కూర్చున్నారు. రాష్ట్రంలో 32 మంది కాల్పుల్లో పోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించాక గానీ విశాఖకి ఫ్యాక్టరీ ఖాయం కాలేదు. సభలో పడిన మాట కాబట్టే, జాతికి అంకితమయ్యేసరికి 1992 వచ్చినా, వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఆ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన తెన్నేటి విశ్వనాథంగారిని 1967లో ఇదే విశాఖ స్వతంత్రుడిగా గెలిపించి లోక్‌సభకి పంపింది. కైలాసగిరి కింద ఆయన పేరు మీదున్న పార్కులో ఆదివారాలు పిల్లల్ని ఆడిస్తాం మేము.

2021లో అదే ఫ్యాక్టరీని అమ్ముతారన్న వార్త వచ్చినప్పుడు, నిజమా కాదా, ఎంత భాగం, రాష్ట్రాన్ని అడిగారా లేదా అని నెల రోజులు రకరకాల మాటలు విన్నాం. మార్చి 8న లోక్‌సభలో ఒక ప్రశ్నకి ఆర్థిక మంత్రిగారు రాతపూర్వకంగా జవాబిచ్చారు: నూటికి నూరు శాతం వాటా ఉపసంహరణ, రాష్ట్రానికి అందులో వాటా లేదు. ఆ రాత్రే కూర్మన్నపాలెం జంక్షన్‌లో కార్మికులు రోడ్డు మీదకొచ్చారు. జవాబు మాకు నచ్చలేదు, కడుపు మండింది. కానీ నిజం ఏమిటో అప్పటికి తేలింది. దేని మీద కొట్లాడాలో తెలిసింది. నచ్చని జవాబైనా పరవాలేదు, అడిగి తేల్చండి అనేది అందుకే.

రైల్వే జోన్ మాట చూడండి. 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. శంకుస్థాపన 2025 జనవరి 8న. మధ్యలో దాదాపు ఆరేళ్లు. భూమి ఇవ్వలేదని ఢిల్లీలో, ఇచ్చేశామని ఇక్కడ. జోన్ ఆఫీసుకి ఇవ్వాల్సిన ముడసర్లోవ భూమి ఏ తేదీన ఏ కాగితంతో అప్పగించారు అన్న ఒకే ప్రశ్నని ఒకే నెలలో ఎంపీ లోక్‌సభలోనూ, ఎమ్మెల్యే అసెంబ్లీలోనూ వేసి, రెండు జవాబులూ పక్కపక్కన పెడితే, అంతకాలం మేం ఎవరి మాట నమ్మాలో తెలియక కొట్టుకునేవాళ్లం కాదు. రైల్వే, పోర్టు, ఉక్కు కేంద్రం చేతిలోవి. మంచినీళ్లు, ఆసుపత్రులు, నగరపాలన రాష్ట్రానివి. భూమి మాత్రం రెండింటి మధ్యలో నలుగుతుంది. మీరందరూ ఒక్కసారి కూర్చుని ఏ ప్రశ్న ఏ సభలో వేయాలో పంచుకోలేరా? వేరు వేరు పార్టీలైనా ఊరు ఒకటే కదా.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రెండు నెలల్లో సుమారు 4,000 పేజీల నివేదిక ఇచ్చింది. అన్ని పేజీలు చదివే తీరిక మాలాంటివాళ్లకి ఉండదు. అందులో ఎన్ని సిఫార్సులున్నాయి, ఎన్ని అమలయ్యాయి, అమలు కానివి ఏవి, జిల్లాలో రసాయనాలు నిల్వ చేసే మిగతా ఫ్యాక్టరీల్లో చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది? ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు ఇది అడగాలి. అక్కడి జనం ఇప్పటికీ చిన్న వాసన వస్తే పిల్లల్ని ఎత్తుకుని బయటికి వస్తున్నారు.

మా ఇంటి విషయం కూడా రాస్తాను. మాది కంచరపాలెం వైపు కొండవాలు మీద ఇల్లు. రోడ్డు దగ్గర నుంచి పైకి 112 మెట్లు. మా లైను పైన ఉన్న రిటైనింగ్ గోడ మూడేళ్ల కిందట బీట వేసింది. మొదట పోస్టుకార్డు దూరేంత ఉండేది. ఇప్పుడు నా అరచెయ్యి దూరుతుంది. వాయుగుండం అని వార్త వస్తే ఆ రాత్రి మా అత్తగారు పడుకోరు, దీపం పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. నాలుగుసార్లు అర్జీ ఇచ్చాం. నాలుగోసారి ఫోన్‌కి "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను గోడ కిందే నిలబడి ఉన్నాను. ఎవరిని అడగాలి? అర్జీలు రాసి బతికే నాకే దిక్కు తోచలేదు.

ఈ ఊళ్లో కొండవాలు కాలనీలు ఒకటీ రెండూ కాదు. కాబట్టి మా గోడ ఒక్కటే అడగమనను. నగరంలో కొండవాలు రిటైనింగ్ గోడలకి చివరిసారి సర్వే ఎప్పుడు జరిగింది? ప్రమాదకరం అని తేల్చినవి ఎన్ని, ఏ ఏ వార్డుల్లో? వాటిలో ఎన్నింటికి ఎస్టిమేట్లు వేశారు, ఎన్నింటికి నిధులు విడుదలయ్యాయి? పరిష్కరించామని ముగించిన అర్జీల్లో ఎన్నింటిని అధికారి స్వయంగా వెళ్లి చూశాడు? అనుబంధంగా ఇది కూడా: వచ్చే తుపానుల కాలానికి ముందు ఎన్ని పూర్తవుతాయి, ఏ తేదీకి?

మంత్రిగారు లేచి "పరిశీలిస్తాం, చర్యలు తీసుకుంటాం" అంటే అక్కడితో వదిలేయకండి. ఆ మాట సభకి ఇచ్చిన హామీ. అలాంటివాటిని వెంటాడడానికే లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, మూడు నెలల్లో నెరవేర్చాలన్న లెక్కా ఉంది. మన శాసనసభలోనూ హామీల కమిటీ ఉంది. డైరీలో తేదీ రాసుకుని, గడువు దాటగానే కమిటీకి ఉత్తరం పెట్టండి. ఇది పెద్ద పనేం కాదు, గుర్తుపెట్టుకోవడమే కష్టం. మీ పీఏలకి తీరిక లేకపోతే నేను టైపు చేసి పెడతాను, డబ్బు తీసుకోను.

ఇంకొక్కటి. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 2005లో 11 మంది ఎంపీలని పార్లమెంటు బయటికి పంపింది. డబ్బిచ్చి ప్రశ్న వేయించుకునేవాళ్లు ఉన్నారంటే దాని విలువ ఎంతో వాళ్లకి తెలిసినట్టే. మా దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు, ఓటు ఒకసారి ఇచ్చేశాం. అందుకే మా తరఫున వేసిన ప్రశ్న, దానికొచ్చిన జవాబు వార్డుకి తెచ్చి చదివి వినిపించమని అడుగుతున్నాను. నగరంలో 98 వార్డులున్నాయి. సమావేశాలు అయ్యాక వార్డుకొక్క సాయంత్రం కుదరకపోతే, కనీసం జవాబు కాగితం పంపండి. అసెంబ్లీ జవాబులు దొరుకుతాయి గానీ, అవి ఎక్కడ వెతకాలో మా మెట్లెక్కే మనుషులకి తెలియదు.

మా షాపు అద్దం మీద జిరాక్స్ రేట్ల కాగితం పక్కన రెండు జానల చోటు ఖాళీ చేసి ఉంచాను. మీ ప్రశ్న, మంత్రిగారి జవాబు, తేదీ. మూడూ ఉన్న కాగితం ఏది పంపినా అక్కడ అంటిస్తాను. సోమవారం వచ్చేవాళ్లు చదువుకుంటారు. చదువు రానివాళ్లకి నేను చదివి చెబుతాను.

ఇట్లు,
విశాఖపట్నంలో అర్జీలు టైపు చేసే ఒక ఓటరు